పిలవని పేరంటం

"ఇంతకీ ఆవిడ మొగుణ్ణి ఎందుకు రానివ్వలేదుటా?" అన్నారు మావారు, టిక్కెట్లు చేత్తో పట్టుకుని.

స్పెయిను దేశంలో పూబోల్ అనే ఓ చిన్న పల్లెటూళ్ళో, పాత రాతికోట గుమ్మం ముందు నిలబడి ఉన్నాం అప్పుడు. ఎండ మన వైశాఖమాసం ఎండలాగే ఉంది. ముందు పదిమంది, వెనకాల పదిమంది. అందరి చేతుల్లోనూ టిక్కెట్లే.

"రానివ్వకపోవడం కాదండీ. ఉత్తరం రాసి పిలిస్తే రావచ్చు" అన్నాను.

"పిలవకపోతే?"

"పిలవకపోతే లేదు."

ఆయన ఓ క్షణం ఆలోచించి, "పోనీలే, మనకి టిక్కెట్టుందిగా" అన్నారు.

ఆయన ఆ మాట నవ్వుతాలుకే అన్నారు. బ్యాంకులో పనిచేసేవారికి రసీదు ఉంటే చాలు, ఇక ఏ సందేహమూ ఉండదు. నాకు మాత్రం ఆ మాట కాలికి గుచ్చుకున్న పల్లేరుకాయలా అయింది. కోటంతా తిరిగినంతసేపూ గుచ్చుకుంటూనే ఉంది. ఇంటికొచ్చి ఇన్నాళ్ళయినా ఊడిరాలేదు. అందుకే ఇవాళ మీతో చెప్పుకుంటున్నాను.

మా తమ్ముడు బార్సిలోనాలో ఉద్యోగంలో చేరి అయిదేళ్ళయింది. "వదినా, ఈసారైనా రండి" అని మరదలు ప్రతి సంక్రాంతికీ ఫోన్లో పోరుతూనే ఉంది. పిల్లల చదువులనీ, మావారి ఆడిట్లనీ, నా సీరియళ్ళనీ ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంది. పోయిన జూన్‌లో చివరికి కుదిరింది. వెళ్ళిన మూడో రోజే "సముద్రానికి పోదాం అక్కా" అన్నాడు తమ్ముడు. కాకినాడలో పుట్టి, ఉప్పాడ రోడ్డు పక్కన సముద్రం ఇళ్ళని మింగడం చూస్తూ పెరిగినదాన్ని, నాకు సముద్రం కొత్తేమిట్రా అనుకున్నాను. కానీ అది వేరే సముద్రం. ఇసుక తక్కువ, రాయి ఎక్కువ. కొండలు మెట్లు లేకుండా నేరుగా నీళ్ళలోకి దిగిపోతాయి. పైన్ చెట్లు ఆ అంచుదాకా వచ్చి తొంగిచూస్తుంటాయి. బ్లానెస్ అనే ఊరి దగ్గర మొదలై ఫ్రాన్సు సరిహద్దు దాకా సాగే ఈ తీరానికి 1908లో ఓ పత్రికా రచయిత 'కోస్టా బ్రావా' అని పేరు పెట్టాడట. కరుకు తీరం అన్నమాట. ఇప్పుడు ఆ కరుకుదనమంతా హోటళ్ళ బాల్కనీల్లో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. చలిదేశాల వాళ్ళు ఎండ కోసం మిడతల దండులా దిగుతారు. మనం ఎండ తప్పించుకోవడానికి గొడుగు వేసుకుంటే వాళ్ళు మనల్ని వింతగా చూస్తారు.

ఆ తీరాన్నీ దాని వెనకనున్న పొలాలనీ కలిపి ఏలుతున్నవాడు ఒక్కడే. చచ్చిపోయిన చిత్రకారుడు సాల్వడార్ డాలీ. ఆయన పుట్టిన ఊరు ఫిగెరస్‌లో మ్యూజియం ఉంది. సముద్రం ఒడ్డున పోర్ట్ లిగాత్‌లో ఆయన ఇల్లుంది. లోపలి పల్లెల్లో పూబోల్ కోట ఉంది. మ్యాపు మీద గీత గీస్తే త్రికోణం అవుతుంది. వచ్చినవాళ్ళు మూడు కోణాలూ తిరిగి పోతారు, మనవాళ్ళు పంచారామాలు తిరిగినట్టు.

మేమూ ముందు ఫిగెరస్‌కే వెళ్ళాం. అక్కడ ఒకప్పుడు మునిసిపల్ థియేటరు ఉండేది. 1939లో, అంతర్యుద్ధం ముగిసే రోజుల్లో కాలిపోయి మొండిగోడలు మిగిలాయి. నా మ్యూజియం ఆ మొండిగోడల మధ్యే ఉండాలని డాలీ పట్టుబట్టి, 1974లో తెరిపించాడు. బయట గోడల నిండా అతికించిన రొట్టెలు, కప్పు మీద పెద్ద పెద్ద గుడ్లు. లోపల పెరట్లో నల్ల కాడిలాక్ కారు. బయట ఎండ కాస్తుంటే దాని లోపల వాన కురుస్తుంది! "ఇది మ్యూజియమా, తిరణాలా?" అన్నారు మావారు. ఆయన తప్పేం లేదు. డాలీ కూడా అదే అనిపించాలని కట్టినట్టుంది.

అక్కడ ఓ పెద్ద బొమ్మ ఉంది. ఒక ఆడమనిషి వీపు మనవైపు తిప్పి, కిటికీలోంచి సముద్రం చూస్తూ ఉంటుంది. ఒంటిమీద నూలుపోగు లేదు. అదే బొమ్మని వెనక్కి వెళ్ళి పద్దెనిమిది మీటర్ల దూరం నుంచి చూస్తే అమెరికా ప్రెసిడెంటు అబ్రహాం లింకన్ ముఖం కనిపిస్తుంది. జనమంతా ఫోన్లు పైకెత్తి, కళ్ళు చికిలించి, "అదిగో, అదిగో" అంటున్నారు. మావారికి లింకన్ కనిపించాడు. చాలా సంతోషించారు. నాకు మాత్రం ఎంతసేపు చూసినా ఆవిడే కనిపించింది. దూరం జరిగితే ఆడమనిషి మాయమై ప్రెసిడెంటు తేలడం నాకు అంత ఆశ్చర్యం అనిపించలేదు. ఇళ్ళలో రోజూ జరిగేదే.

ఆ ఆడమనిషే గాలా. డాలీ భార్య. ఆ మ్యూజియంలో ఏ గదిలోకెళ్ళినా ఆవిడే. హంస పక్కన గాలిలో తేలుతూ కూర్చుంది ఆవిడే. రొమ్ము సగం కనబడేలా చేతులు కట్టుకుని మనవైపు గుచ్చి చూస్తోంది ఆవిడే. తలెత్తి చూస్తే పైకప్పు బొమ్మలో ఆకాశంలోకి ఎగిరిపోతూ మొగుడూ పెళ్ళాలిద్దరి పాదాలు. కొన్ని బొమ్మల మీద ఆయన సంతకంలో తన పేరుతో పాటు ఆవిడ పేరు కూడా కలిపి రాసుకున్నాడు. ఇన్ని బొమ్మలైన భార్యని చూసి ముందు అసూయ పుట్టిన మాట నిజం. ఇరవైరెండేళ్ళ కాపురంలో మావారు నా ఫోటో తీసినప్పుడల్లా నా తల తెగిపోయి వెనకాల గోపురం మాత్రం చక్కగా వస్తుంది. కానీ నాలుగో గదికొచ్చేసరికి నాకు ఊపిరాడలేదు. రోజుకి వేలమంది చూసే మొహం అది. ఆ మొహానికి రెప్పలు వాల్చుకునే చోటు ఎక్కడుండేదో అనిపించింది.

ఆవిడ అసలు పేరు ఎలేనా ద్యాకొనోవా. రష్యాలో కజాన్‌లో 1894లో పుట్టింది. 1917లో ఫ్రెంచి కవి పాల్ ఎల్యువార్‌ని పెళ్ళి చేసుకుంది. మరుసటేడు ఆడపిల్ల పుట్టింది. 1929 వేసవిలో మొగుడితోనూ కూతురితోనూ కలిసి ఇదే తీరంలోని కదాకేస్ అనే ఊరికి శలవులు గడపడానికి వచ్చి, తనకంటే పదేళ్ళు చిన్నవాడైన డాలీని చూసింది. మొగుడు వెళ్ళిపోయాడు, ఆవిడ ఉండిపోయింది. డాలీ డబ్బు లెక్కలూ, బేరాలూ, కాంట్రాక్టులూ చాలావరకు ఆవిడే చూసింది. పిల్ల ఎక్కువగా నాయనమ్మ దగ్గర పెరిగింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

పోర్ట్ లిగాత్ ఇల్లు గురించి ఎక్కువ చెప్పను. అది మొదట జాలరివాళ్ళ గుడిసె, 1930లో కొన్నారు. తర్వాత నలభై ఏళ్ళపాటు గది పక్కన గది కలుపుకుంటూ పోయారు, మన పల్లెల్లో సంసారం పెరిగినకొద్దీ వసారాలు దించినట్టు. ఇల్లంతా ఎండుపువ్వుల గుత్తులు. గుమ్మంలో కూరిన ఎలుగుబంటి. 1961లో గాలా కోసం అక్కడ గుండ్రటి గది ఒకటి కట్టారు. బాగుంది. కానీ ఆ గది కూడా ఆ ఇంట్లోదే. గోడ అవతల కుంచెలూ, రంగులూ, మొగుడిగారి విశ్వరూపమూ. వచ్చేపోయేవాళ్ళు సరేసరి.

అందుకే పూబోల్.

1969లో డాలీ ఆ కోట కొని ఆవిడకిచ్చాడు. శిథిలమైన కోట. బాగుచేయించాడు. ఆవిడ పుచ్చుకుంది, ఒక షరతు మీద. తను రాతపూర్వకంగా ఆహ్వానిస్తే తప్ప ఆయన అక్కడ అడుగుపెట్టకూడదు. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, ఆ షరతు తనకెంతో నచ్చిందని అందరికీ చెప్పుకున్నాడు. 1971 నుంచి 1980 దాకా ఆవిడ వేసవిలో అక్కడికి వెళ్ళి ఉంటూ వచ్చింది. వెళ్ళేనాటికి డెబ్భై దాటింది. డెబ్భయ్యేళ్ళు దాటాక, మొగుడికి కూడా తెలియని తలుపొకటి సంపాదించుకుంది!

మా ఆడవాళ్ళలో ఈ కథ ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నిట్టూరుస్తారు. నేను పరీక్షించి చూశాను.

కోట లోపల ఏముందంటారా? పాత వంటిల్లుంది. పొయ్యి ఉన్న ఆ వంటింటిని ఆవిడ స్నానాలగదిగా మార్చుకుంది. అది చూసి మరదలూ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అంతకన్నా పెద్ద విప్లవం నాకు తెలిసి ప్రపంచ చరిత్రలో లేదు. గదుల్లో చలికాలం వేడి కోసం ఇనప రేడియేటర్లుంటాయి కదా, అవి కంటికి కనిపించకూడదందట ఆవిడ. సరేనని డాలీ వాటికి అడ్డంగా తలుపులు పెట్టించాడు. ఆ తలుపుల మీద ఏం బొమ్మ వేశాడనుకున్నారు? రేడియేటర్లు! మావారు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, 'చూశావా, కోటకి తాళం వేసుకున్నా మొగుడు తన చమత్కారాన్ని గోడమీద వదిలే పోయాడు' అనుకున్నాను. పైన అటకలాంటి గదిలో ఆవిడ గౌన్లు వరసగా నిలబెట్టారు. తోటలో పుల్లల్లాంటి కాళ్ళమీద ఏనుగులు. ఆవిడ చివరి ప్రయాణం చేసిన కాడిలాక్ ఇంకా గారేజీలోనే ఉంది.

ఆ తర్వాత పడకగది. నీలంరంగు పరదాల మంచం. ఇటువైపు తాడు కట్టారు. తాడుకి ఇటు మేము, అటు మంచం. ముందున్న అమ్మాయి ఫోటో తీసుకుంది. తర్వాత ఇంకొకాయన తీసుకున్నాడు. కాడిలాక్‌లూ ఏనుగులూ చూసినప్పుడు లేని బిడియం నాకక్కడ వచ్చింది. పేరంటానికి పిలవకుండా వెళ్ళి, పసుపు రాయించుకోవడానికి కాళ్ళు చాపుకు కూర్చున్నట్టనిపించింది. యాభై ఏళ్ళు కాపురం చేసినవాడు చీటీ లేకుండా రాకూడని గదిలోకి, ఎక్కడో కాకినాడనుంచి వచ్చిన నేను చెప్పులతో వచ్చి నిలబడ్డాను.

అయినా నేనూ ఫోటో తీశాను. అబద్ధం ఎందుకు?

కిందికి దిగుతుంటే తమ్ముడు గొంతు తగ్గించి, ఆవిడ ఆ కోటకి కుర్రవాళ్ళని పిలిపించుకునేదని చెప్పాడు. అది దాచిన సంగతేం కాదు, ఆవిడ మీద రాసిన ప్రతివాళ్ళూ రాసిందే. మావారి మొహం విప్పారింది. "అదీ సంగతి! అందుకే ఉత్తరం కావాలన్నది" అన్నారు, చిక్కులెక్క తేలినట్టు.

అక్కడే మా ఇద్దరికీ వాదన వచ్చింది. పార్కింగులో చెట్టుకింద నిలబడి, మరదలు తెచ్చిన పులిహోర తింటూ అరగంట వాదించుకున్నాం. నేననేది ఇదీ: లోపల ఆవిడ కుర్రవాళ్ళని పిలిచిందో, ఎండుపువ్వులు చూస్తూ కూర్చుందో, అది వేరే లెక్క. మొదటిది తప్పంటే తప్పే అనండి, కాదనను. కానీ తలుపు వేసుకునే హక్కు, లోపల మంచిపని చేసేవాళ్ళకే ఉంటుందా? తలుపు వేసుకున్నది దేనికో చెప్పి ఒప్పించాకనే గడియ పెట్టుకోవాలంటే ఇక అది తలుపెందుకవుతుంది, పరదా అవుతుంది. మగవాళ్ళకి ఈ ప్రశ్న ఎదురుకాదు. "ఆఫీసు పని" అని తలుపు వేసుకుంటే కాఫీ కూడా కిటికీలోంచే అందిస్తాం.

మన సంగతి ఆలోచించండి. మన పురాణాల్లో రాణులకి ప్రత్యేకంగా ఒక గది ఉండేది. పేరు కోపగృహం. కైక అందులోకి వెళ్ళింది. అంటే ఆడదానికి కోపం వస్తేనే గది. అదీ ఎవరైనా వచ్చి తలుపు తట్టి బతిమాలడానికే. సంతోషంగా ఉన్నాను, కాసేపు ఒంటరిగా ఉంటాను అంటే గది లేదు. మా అమ్మమ్మకి నెలలో మూడు రోజులు పెరటి వసారా ఉండేది. ముట్టుకోకూడదు, వంటింట్లోకి రాకూడదు. ఆ ఆచారాన్ని నేను మెచ్చుకోను, ఎంతమంది ఆడపిల్లలు అవమానంతో కుమిలిపోయారో తెలుసు. కానీ మా అమ్మమ్మ మాత్రం ఆ మూడు రోజుల్లోనే నవలలన్నీ చదివింది. "అవే నా శలవులే" అనేది. ముట్టు ఆగిపోయాక ఆవిడ చదువు కూడా ఆగిపోయింది! గాలా డాలీని కలిసిన ఆ 1929లోనే ఇంగ్లండులో వర్జీనియా వుల్ఫ్, రాసుకునే ఆడదానికి కాస్త డబ్బూ, ఒక గదీ, ఆ గదికి తాళమూ కావాలని పుస్తకం అచ్చువేసింది. ఎమ్.ఏ.లో చదివాం. పరీక్షలో డబ్బు గురించీ గది గురించీ నాలుగు పేజీలు రాశాను గానీ తాళం సంగతి నాకు తట్టలేదు.

ఇంతవరకూ నేనే గెలిచాను. పులిహోర అయిపోయింది. అప్పుడు మరదలు నెమ్మదిగా, "మరి ఆ కూతురో వదినా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మొగుడి ముఖం మీద వేసిన తలుపు సరే. కన్నకూతురి ముఖం మీద వేసిన తలుపు? అమ్మ గుమ్మం ముందు నిలబడ్డ పిల్లకి ఏ హక్కూ లేదా? ఆవిడ గది ఆవిడదే, ఒప్పుకుంటాను. కానీ ఆ గది మూసిన చప్పుడు ఆ పిల్లకి జీవితమంతా వినపడి ఉంటుంది. ఈ రెండు మాటల్నీ ఒక తక్కెడలో పెట్టి తూచడం నాకు చేతకాలేదు. ఇప్పటికీ కాలేదు.

చివరికి కోట అడుగున సమాధులున్న గదిలోకి దిగాం. చల్లగా ఉంది. ఓ మూల కూరిన జిరాఫీ మెడ సాచి నిలబడింది. పక్కపక్కనే రెండు సమాధులు. ఒకటి గాలాది. 1982 జూన్‌లో పోర్ట్ లిగాత్‌లో పోతే ఇక్కడికి తెచ్చి పూడ్చారు. రెండోది డాలీ కోసం చేయించింది. ఖాళీ. ఆవిడ పోయాక ఆయన ఈ కోటకొచ్చి ఉన్నాడు. ఇక ఉత్తరం రాసేవాళ్ళూ లేరు, వద్దనేవాళ్ళూ లేరు. 1983లో తన ఆఖరి బొమ్మ ఇక్కడే వేశాడు. మరుసటేడు ఆగస్టులో పడకగదికి నిప్పంటుకుని, కాలిన గాయాలతో బయటపడి, ఫిగెరస్‌కి వెళ్ళిపోయాడు. 1989లో పోయాక అక్కడే, తన మ్యూజియం స్టేజి కింద పూడ్చారు. చివరి రోజుల్లో ఆయన మనసు మార్చుకున్నాడని ఆ ఊరి మేయరు చెప్పాడు. దాంతో పూబోల్‌లో ఆవిడ ఒక్కతే మిగిలింది. అక్కడికీ ఆయన పిలుపు లేకుండా రాలేదని సరిపెట్టుకోవచ్చు. 1996 నుంచి కోటని జనానికి తెరిచారు.

ఆయనకీ శాంతి లేదు. తను డాలీ కూతుర్నని ఒకావిడ కోర్టుకెక్కితే, 2017 జూలైలో కోర్టు ఉత్తర్వు మీద సమాధి తెరిచారు. మీసాలు చెక్కుచెదరకుండా, గడియారంలో పది గంటల పది నిమిషాల్లాగే నిలబడి ఉన్నాయట. అందరూ మీసాల సంగతే చెప్పుకున్నారు. పరీక్ష చేస్తే ఆయన తండ్రి కాదని తేలింది. మళ్ళీ మూసేశారు. భార్య గుమ్మం ముందు ఉత్తరం కోసం కాచుకున్నవాడి తలుపుని మాత్రం ఎవరూ తట్టి అడగలేదు.

గాలా ఉత్తరాల పెట్టెలూ దక్కలేదు. మొదటి మొగుడు ఆవిడకి రాసిన ఉత్తరాలు 1984లో పుస్తకమయ్యాయి. పూబోల్‌లో దొరికిన ఆవిడ సొంత రాతప్రతి 2011లో అచ్చయింది. కోట గుమ్మం దగ్గర పుస్తకాల కొట్లో నిలబడి ఈ సంగతి విన్నప్పుడు నా కాళ్ళలో సత్తువ పోయింది. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా అమ్మకి ఓ ఆకుపచ్చ ట్రంకుపెట్టె ఉండేది. తాళం చెవి దేవుడి గూట్లో కుంకుమభరిణ వెనకాల పెట్టేది. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. నాన్నకీ తెలుసు. నలభై ఏళ్ళ కాపురంలో నాన్న ఆ పెట్టె తెరవలేదు. నా చిన్నప్పుడోసారి అడిగితే, "అది మీ అమ్మ పెట్టె" అన్నారు, అంతకంటే చెప్పడానికేముందన్నట్టు. ఏడేళ్ళ కింద అమ్మ పోయింది. చీరలు పంచుకున్నాక చెల్లెలు, "పెట్టె అలా ఉండనీ అక్కా, నాన్నున్నారుగా" అంది. ఆ రాత్రే అందరూ పడుకున్నాక కుంకుమభరిణ పక్కకి జరిపి తాళం చెవి తీశాను.

లోపల బంగారం లేదు. పాల లెక్కల పుస్తకాలు. తారీకుల పక్కన లీటర్ల అంకెలు. అంకెల కింద అక్కడక్కడా అమ్మ చిన్న అక్షరాలు. "ఇవాళ మధ్యాహ్నం ఎవ్వరూ లేరు. గంటసేపు ఏమీ చెయ్యలేదు. ఎవరికీ చెప్పలేదు." ఇలాంటివే. ఏడిస్తే ఒకటీ రెండూ, నవ్వితే ఒకటీ రెండూ. తెల్లవారేదాకా చదివాను.

రెండేళ్ళ తర్వాత నేను ఓ వారపత్రికలో సీరియల్ రాశాను. అందులో నాయిక తన నోటుబుక్కులో ఆ మూడు వాక్యాలూ రాసుకుంటుంది. ఒక్క అక్షరం మార్చలేదు. ఆ నవలంతటికీ పాఠకురాళ్ళ దగ్గరనుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆ మూడు వాక్యాల గురించి రానివి తక్కువ. "మా మనసులో మాట మీకెలా తెలిసిందండీ" అని. అందరికీ ధన్యవాదాలు చెప్పాను. ఆ వాక్యాలు నావి కావు. ఆ ఉత్తరాలు రాసిన వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, ఈ మాట మీకు బాకీ ఉన్నాను. చెల్లెలు ఆ వారం ఫోన్ చేసి, "ఇది అమ్మ మాట కదూ?" అంది. అవునన్నాను. "సరే" అని పెట్టేసింది. పండగలకీ పబ్బాలకీ కలుస్తాం, మాట్లాడుకుంటాం. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.

పూబోల్‌కి రైలు దిగే ఊరు ఫ్లసా. తిరుగుబండి కోసం ఆ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని నన్ను నేను సమర్థించుకోవడానికి చాలా ప్రయత్నించాను. పోయినవాళ్ళకి ఏం తెలుస్తుంది అనుకున్నాను. నిజమే, కానీ నాకు తెలుస్తోందిగా. వద్దనుకుంటే కాల్చేసి ఉండేదిగా అనుకున్నాను. ఇది ఇంకా డొల్ల మాట. పోయేరోజు తెలిసి ఎవరు పోతారు? దాచుకున్నదల్లా ఇతరులకోసమే దాచుకున్నారనడం, దొడ్లో గంపకింద కోడిని చూసి నాకోసమే మూశారనడం లాంటిది. ఒక్క మాట మాత్రం ఎంత తోసేసినా పోలేదు. అందరం అలా పెట్టెలు మూసే ఉంచితే మన అమ్మలూ అమ్మమ్మలూ ఏమనుకుని బతికారో ఎవరికి తెలుస్తుంది? వాళ్ళ చరిత్ర ఏ శాసనం మీద ఉంది? పాల లెక్కల కిందే ఉంది. ఆ మూడు వాక్యాలు చదివి ఎక్కడో ఓ ఊళ్ళో ఓ ఇల్లాలు "నేనొక్కదాన్నే కాదు" అనుకుంది. అది తక్కువ సంగతా? తక్కువ కాదు. కానీ అమ్మ "ఎవరికీ చెప్పలేదు" అని రాసుకున్న మాటనే నేను అందరికీ చెప్పాను. తాళం తీసినదానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

"ఏమిటోయ్, అంత దిగులుగా ఉన్నావు? టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటు కాలేదా?" అన్నారు మావారు. రైలొచ్చింది.

జూలైలో కాకినాడ వెళ్ళాను. నాన్నకిప్పుడు డెబ్భై ఎనిమిది. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని స్పెయిను కబుర్లు చెప్పమన్నారు. గుడ్లూ రొట్టెలూ చెప్పాను, నవ్వారు. పూబోల్ సంగతి చెప్పాను. భార్య ఉత్తరం రాస్తే తప్ప వెళ్ళని మొగుడంటే ఆయనకి వింతగా తోచలేదు. "పాపం, ఉత్తరం వచ్చేదా మరి?" అన్నారంతే.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, రోడ్డుకేసి చూస్తూనే, "నీ సీరియల్లో ఆ పాలపుస్తకం ముక్క చదివానమ్మాయ్. మాట పొందిక చూడగానే మీ అమ్మదని తెలిసింది" అన్నారు.

నా గొంతు ఎండిపోయింది. ఏం చెప్పాలో తెలీక ఆయన చేతిలో ఖాళీ గ్లాసు అందుకున్నాను.

"దాంట్లో ఇంకా ఏమన్నా ఉందా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా ఆయనే చెయ్యి ఊపి, "వద్దులే. చెప్పకు" అని, కర్ర తీసుకుని, మొక్కలకి నీళ్ళు పెట్టడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు.